వేల్స్ జాతీయ గ్రంథాలయములోని వ్రాతప్రతులు – స్వకీయపత్రములు : ప్రామాణ్యవిచారము

ఉపోద్ఘాతము

ప్రాచీన వాఙ్మయమును పరిశోధించువారు సాధారణముగా గ్రంథమునకు ఇచ్చు గౌరవమును పత్రమునకు ఈయరు. ఒక కావ్యము యొక్క వ్రాతప్రతి లభించినచో దానిని బట్టలో చుట్టి పెట్టెలో భద్రపరతురు. ఆ ప్రతిని వ్రాసినవాని ఉత్తరములు, సంపాదించినవాని జాబితాలు, పరిష్కరించినవాని చిత్తుకాగితములు మాత్రము వాని మరణానంతరము అటక మీదికో పొయ్యిలోనికో పోవుచుండును. గ్రంథము శాశ్వతము, పత్రము తాత్కాలికము అను భావమే దీనికి కారణము. ఈ భావము ఎంతవరకు సమంజసమో విచారించుటకు వేల్స్ దేశమున అబెరిస్ట్‌విత్ పట్టణములోని జాతీయ గ్రంథాలయము తగిన నిదర్శనము. అచ్చట ఏడువందల ఏండ్లకు పూర్వపు చర్మపత్ర గ్రంథములును, ఇరువదవ శతాబ్దికి చెందినవారి దినచర్యలును ఒకే కప్పు క్రింద, ఒకే శ్రద్ధతో రక్షింపబడుచున్నవి.

వాక్యము ప్రమాణము కావలెనన్నచో వక్త ఆప్తుడు కావలెనని నైయాయికుల మతము. విషయమును స్వయముగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు తెలుపగోరువాడే ఆప్తుడు. వక్తయందు సంభవించు దోషములు నాలుగని శాస్త్రకారులు లెక్కించిరి: భ్రమ, ప్రమాదము, విప్రలిప్స, కరణాపాటవము. భ్రమ యనగా ఒకదానిని మరియొకటిగా గ్రహించుట, ప్రమాదమనగా ఏమరుపాటు, విప్రలిప్స యనగా వంచింపవలెనను కోరిక, కరణాపాటవమనగా ఇంద్రియముల అసామర్థ్యము. ఇవి పౌరుషేయవాక్యములకన్నిటికిని వర్తించును గనుక లేఖకునికిని, సంకలనకర్తకును, వార్తాలేఖకునికిని వర్తించును. వ్రాతప్రతి ఒక్కటే ఎదుట ఉన్నపుడు దానియందు ఏ దోషము కలదో తేల్చుట కష్టము. ఆ వ్యక్తి పత్రములు కూడ నిలిచియున్నచో అది సాధ్యమగును. ఈ వ్యాసమున నిరూపింపదలచిన అంశమిదియే.

గ్రంథాలయ స్థాపనము

వేల్స్ జాతీయ గ్రంథాలయము 1907లో రాజశాసనము చేత స్థాపితమైనది. దీనికి మూలపురుషులలో ముఖ్యుడు సర్ జాన్ విలియమ్స్ (1840–1926). ఇతడు విక్టోరియా రాణికి వైద్యుడు. వెల్ష్ గ్రంథములను సేకరించుట ఇతని వ్యసనము. పెనియార్త్ అను భవనమున ఉండిన మహాసంచయము పరదేశముల పాలు కాకుండ దానిపై హక్కును 1905లో కొని, గ్రంథాలయము అబెరిస్ట్‌విత్‌లోనే నెలకొనవలెనను నియమముతో తన సంచయమును సమర్పించెను. 1909లో తాత్కాలిక భవనమున పని ఆరంభమైనది. 1911లో కొండవాలున శాశ్వతభవనమునకు శంకుస్థాపన జరిగినది. 1916లో గ్రంథములు అందులో ప్రవేశించినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున లండనులోని బ్రిటిష్ మ్యూజియము అమూల్య ప్రతులను ఈ కొండలో తొలిపించిన సొరంగమునకు పంపి రక్షించుకొన్నది. స్వదేశ గ్రంథముల కొరకు పుట్టిన సంస్థ ఆపత్కాలమున పరుల గ్రంథములకును ఆశ్రయమైనది.

పెనియార్త్ సంచయము

ఈ సంచయమును కూర్చినవాడు పదునేడవ శతాబ్దికి చెందిన రాబర్ట్ వాన్. ఉత్తర వేల్స్‌లో డోల్గెల్లై సమీపమున హెంగూర్ట్ అను గృహము ఇతని నివాసము. 1667లో ఇతడు మరణించునాటికి వెల్ష్ భాషలోని ప్రధాన గ్రంథములలో అధికభాగము ఆ ఇంటికి చేరియుండెను. ఇతని సమకాలికుడు జాన్ జోన్స్ అను లేఖకుడు అప్పులపాలై లండనులోని ఫ్లీట్ కారాగారమున ఏండ్ల తరబడి బంధితుడైయుండియు, ప్రాచీన ప్రతులకు అందమైన దస్తూరితో ప్రతులు వ్రాయుట మానలేదు. అతని గ్రంథములును వాన్ సంచయమున కలిసినవి. 1859లో ఈ సంచయము మరణశాసనమూలమున పెనియార్త్ గృహమునకు చెందిన విన్ వంశమునకు సంక్రమించినది. నేటి పేరు దానివలన వచ్చినదే. 2010లో యునెస్కో ప్రపంచస్మృతి కార్యక్రమపు బ్రిటన్ పట్టికలో దీనికి స్థానము లభించినది.

ఇందలి ముఖ్యప్రతులను సంగ్రహముగా పేర్కొనవచ్చును. మొదటిది కార్మార్థెన్ నల్లపుస్తకము. క్రీ.శ. 1250 ప్రాంతమున ఒకే లేఖకుడు అనేక సంవత్సరములపాటు వ్రాసిన 54 పత్రముల చిన్న ప్రతి ఇది. వెల్ష్ కవిత్వమునకు సంబంధించిన సంపూర్ణ సంకలనములలో ప్రాచీనతమమైనదిగా దీనిని ఎన్నుదురు. రెండవది టాలియేసిన్ పుస్తకము. ఇది పదునాలుగవ శతాబ్ది పూర్వార్ధమున వ్రాయబడినది. కాని ఇందలి కొన్ని పద్యములు ఆరవ శతాబ్ది కవివని సంప్రదాయము. కవికిని లభ్యప్రతికిని నడుమ సుమారు ఎనిమిది శతాబ్దులు. సర్ ఇవోర్ విలియమ్స్ భాషాపరీక్ష చేసి, పండ్రెండు పద్యములను మాత్రమే ఆ ప్రాచీనకవికి చెందదగినవిగా వేరుచేసెను. మూడవది రిథెర్ఖ్ తెల్లపుస్తకము. 1350 ప్రాంతమునాటిది, మాబినోగి కథలకు ఆకరము. ఆ కథలే ఉన్న హెర్గెస్ట్ ఎఱ్ఱపుస్తకము ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నది గనుక పరిష్కర్తలు రెండింటిని సరిపోల్చి పాఠనిర్ణయము చేయుదురు. ఇవిగాక, పదవ శతాబ్ది రాజైన హవెల్ పేరిట ప్రసిద్ధమైన ధర్మశాస్త్రమునకు లాటిన్ భాషలో పదుమూడవ శతాబ్దిన వ్రాసిన ప్రతి కలదు. అందు రాజు, రాజోద్యోగులు రంగులతో చిత్రింపబడిరి.

సంస్కృతము చదివినవారికి వెల్ష్ భాష పూర్తిగా పరాయిది కాదు. 'దాంత్' అనగా దంతము. 'గ్వెదు' అనగా విధవ. 'ఎనూ' అనగా నామము. 'త్రీ' అనగా మూడు. 'దేగ్' అనగా పది. 1786లో కలకత్తాలో సంస్కృతమునకును గ్రీకు, లాటిన్ భాషలకును ఏకమూలమును ప్రతిపాదించి, కెల్టిక్ భాషలకును ఆ మూలము సంభావ్యమని సూచించిన సర్ విలియం జోన్స్ తండ్రి వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపమున పుట్టినవాడు. ఆ సూచన 1838లో బాప్ పండితుని వ్యాసముతోను, 1853లో జయిస్ రచించిన కెల్టిక్ వ్యాకరణముతోను స్థిరపడినది.

ప్రమాదము – లేఖనాచారము

వెల్ష్ భాషలో పదాదివర్ణము పూర్వపదమును బట్టి మారును. అందొక విధమున పకారము బకారముగను, తకారము దకారముగను, కకారము గకారముగను అగును. 'పెన్' అనగా శిరస్సు. 'నీ శిరస్సు' అనవలసివచ్చినపుడు అది 'బెన్' అగును. తెలుగు వ్యాకరణము చదివినవారికి ద్రుతప్రకృతికములకు పరమైన పరుషములు సరళములగుట ఇచ్చట స్ఫురింపక మానదు. రెండు భాషలకు చుట్టరికము లేదు, కారణములును వేరు; పోలిక మాత్రము అవగాహనకు ఉపకరించును. మధ్యయుగ లేఖకులు పలుకుబడిలోని ఈ మార్పును వ్రాతలో అన్నిచోట్ల చూపలేదు. 'బెన్' అని పలుకుచునే 'పెన్' అని వ్రాసిన స్థలములున్నవి. ఇది లేఖకుని ప్రమాదమా, ఆనాటి లేఖనాచారమా? ఒక్క పంక్తిని చూచి చెప్పజాలము. ఆ లేఖకుడు తక్కిన పత్రములందు, తక్కిన ప్రతులందు ఏమి చేసెనో చూచిననే తేలును. ఒక ప్రతికి సాక్ష్యము ఆ చేతి ఇతర వ్రాతలే యనుటకు ఇది మొదటి ఉదాహరణము.

నల్లపుస్తకమునకు ఇంకొక దుర్గతి పట్టినది. పదునారవ శతాబ్దిన దానిని కలిగియుండిన యజమానుడొకడు, అంతకుముందరి పాఠకులు అంచులందు వ్రాసిన పద్యములను, వేసిన బొమ్మలను, కావ్యభాగమునకు చెందనివని తలచి, గీకివేసినట్లున్నది. పుస్తకమును శుభ్రము చేయుచున్నాననియే అతడు భావించియుండును. 2015లో కేంబ్రిడ్జి పండితులిద్దరు అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసి పరీక్షింపగా చెరిపిన పద్యములును, మానవముఖముల చిత్రములును కనబడినవి. గ్రంథము ముఖ్యము, అంచుమీది వ్రాత అముఖ్యము అను భేదబుద్ధి ఎంత నష్టమును కలిగించునో దీనివలన తెలియుచున్నది. మూడువందల ఏండ్ల పాఠకుల చరిత్ర ఆ అంచులందే ఉండెను.

విప్రలిప్స – యోలో మోర్గానుగ్ పత్రములు

ఎడ్వర్డ్ విలియమ్స్ (1747–1826) వృత్తిచే రాతిపనివాడు. యోలో మోర్గానుగ్ అనునది అతని కవినామము. తన కాలమున వెల్ష్ వ్రాతప్రతులను అతనివలె ఎరిగినవారు లేరు. ఇల్లిల్లు తిరిగి ప్రతులు చూచెను. వేలకొలది పుటలు స్వహస్తముతో వ్రాసికొనెను. ఆ పాండిత్యమే అతనికి వంచనాసాధనమైనది.

పదునాలుగవ శతాబ్దికి చెందిన దావిద్ అప్ గ్విలిమ్ వెల్ష్ కవులలో అగ్రగణ్యుడు. అతని కృతులు 1789లో లండనున మొదటిసారి అచ్చైనవి. ఆ సంపుటమునకు చేర్చిన అనుబంధములో యోలో పంపిన పద్యములు ప్రకటింపబడినవి. అవి తన ప్రాంతపు ప్రతులలో దొరికినవని అతడు చెప్పెను. నిజమునకు వానిని రచించినవాడు అతడే. రసికులు వానిని మెచ్చిరి. మహాకవి రచనలలో ఉత్తమమైనవిగా కొన్నింటిని ఎన్నిరి. 1792లో అతడు లండనున ప్రిమ్రోజ్ కొండపై శిలావలయమును ఏర్పరచి, ప్రాచీన ఋషికల్పులైన కవుల సభయని చెప్పి 'గోర్సెద్' ఉత్సవమును నడిపెను. అది 1819లో జాతీయ కవిసమ్మేళన సంప్రదాయముతో కలిసి నేటికిని జరుగుచున్నది. ప్రాచీన కవుల లిపియని ఒక వర్ణమాలను కూడ కల్పించెను. 1801–1807 సంవత్సరములలో వెలువడిన వెల్ష్ ప్రాచీన వాఙ్మయ సంపుటములకు సంపాదకులు మువ్వురిలో అతడొకడు. అందును తన కల్పనలను చొప్పించెను.

ఒక శతాబ్దికి పైగా ఇది నిలిచినది. దీనిని ఛేదించినవాడు గ్రిఫిత్ జాన్ విలియమ్స్ (1892–1963). 1926లో ఇతడు ప్రకటించిన గ్రంథములో ఆ అనుబంధ పద్యముల కర్తృత్వమును నిర్ణయించెను. ఆ పద్యములకు యోలోకు పూర్వపు ప్రతిసాక్ష్యము లేదు. భాషలో పదునాలుగవ శతాబ్దికి తగని రూపములున్నవి. ఆ రూపములే, ఆ భావములే యోలో స్వీయరచనలలోను చిత్తులలోను కనబడుచున్నవి. అనగా దొంగను పట్టియిచ్చినవి అతని కాగితములే. అతడు తన కాగితములను దగ్ధము చేసియున్నను, అతని కుమారుడు పారవేసియున్నను ఈ నిర్ణయము ఇంత దృఢముగా వచ్చియుండెడిది కాదు. థామస్ పారీ 1952లో దావిద్ కృతులను పరిష్కరించినపుడు ఆ శోధనయే ఆధారమైనది.

అంత మాత్రమున యోలో పత్రములను త్రోసివేయుటయు తగదు. వానిలో అతని కల్పనలతోపాటు నిజమైన ప్రాచీన ప్రతులకు అతడు వ్రాసిన ప్రతిలేఖనములును ఉన్నవి; వానిలో కొన్నింటికి మాతృక నేడు లేదు. హంస క్షీరనీరములను వేరుచేసినట్లు ఒక్కొక్క పుటను పరీక్షింపవలసియున్నది. అబెరిస్ట్‌విత్‌లోని పరిశోధనకేంద్రమువారు 2007లో అతని ఉత్తరములను మూడు సంపుటములుగా ప్రకటించుట ఈ కార్యములో భాగమే. స్వజాతి గౌరవమును పెంచిన కల్పనను అసత్యమని నిరూపించినవారు స్వజాతీయులే. సత్యముకంటె జాతిగౌరవము గొప్పదని వారు తలపలేదు. తలచినచో ఆ గౌరవము ఇసుకపునాదిమీద నిలిచియుండెడిది.

ఆప్తత్వము – గారెత్ జోన్స్ దినచర్యలు

యోలో పత్రములు కర్తను దోషిగా నిలిపినవి. అదే గ్రంథాలయములో కర్తను నిర్దోషిగా నిలిపిన పత్రములును కలవు.

గారెత్ జోన్స్ 1905లో వేల్స్‌లోని బారీ పట్టణమున జన్మించెను. అబెరిస్ట్‌విత్, కేంబ్రిడ్జిలలో చదివి ఫ్రెంచి, జర్మను, రష్యను భాషలను నేర్చెను. మాజీ ప్రధాని లాయిడ్ జార్జికి విదేశవ్యవహారములలో సహాయకుడుగా పనిచేసెను. అతని తల్లి వివాహమునకు పూర్వము ఉక్రెయిన్‌లో ఒక వెల్ష్ కుటుంబమున ఉపాధ్యాయినిగా ఉండెను. 1933 మార్చిలో అతడు మాస్కో నుండి ఖార్కివ్ దిశగా రైలులో పోవుచు నడుమ దిగి, మంచులో కాలినడకన గ్రామములు తిరిగెను. ఆకలిగొన్న రైతులు చెప్పిన మాటలను జేబుపుస్తకములలో ఎప్పటికప్పుడు వ్రాసికొనెను. మార్చి 29వ తేదీన బెర్లిన్‌లో ఆ కఱవును లోకమునకు వెల్లడించెను.

రెండు దినములకే న్యూయార్క్ టైమ్స్ పత్రికకు మాస్కో విలేఖరియైన వాల్టర్ డురాంటీ ఆ వార్తను కొట్టివేయుచు వ్రాసెను. ప్రజలకు ఆకలి కలదు గాని కఱవు చావులు లేవని దాని సారాంశము. అతడు పులిట్జరు పురస్కారగ్రహీత. జోన్స్ ఇరువదియేడేండ్ల యువకుడు. లోకము పెద్దవాని మాటనే నమ్మినది. జోన్స్ మేలో అదే పత్రికకు సమాధానము వ్రాసెను గాని ఫలము స్వల్పము. 1935 ఆగస్టులో, ముప్పదవ జన్మదినమునకు ముందునాడు, మంగోలియా ప్రాంతమున బందిపోట్ల చేతిలో అతడు హతుడయ్యెను.

అతని జేబుపుస్తకములను కుటుంబమువారు భద్రపరచిరి. అవి తరువాత జాతీయ గ్రంథాలయమునకు చేరినవి. 2009లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో ప్రదర్శింపబడినపుడు వాని ప్రాధాన్యము పలువురికి తెలిసినది. అచ్చైన వార్తకంటె ఆ పుస్తకములకు ప్రామాణ్యము అధికమగుటకు హేతువేమి? అవి వివాదమునకు ముందు వ్రాయబడినవి గనుక ఎవరికిని సమాధానముగా కల్పింపబడలేదు. ప్రకటనార్థము కావు గనుక అలంకారము లేదు. చూచిన స్థలమున, విన్న క్షణమున వ్రాసినవి గనుక స్మృతిదోషమునకు అవకాశము అల్పము. నైయాయికులు చెప్పిన ఆప్తలక్షణము ఇందు సమగ్రముగా కలదు.

డురాంటీ విషయమును కూడ ఒక ఆంతరంగిక పత్రమే బయటపెట్టుట గమనింపదగినది. అదే సంవత్సరము సెప్టెంబరులో అతడు మాస్కోలోని బ్రిటిష్ రాయబార కార్యాలయమున మాటలాడుచు, ఆహారలోపమువలన కోటిమంది వరకు మరణించియుండవచ్చునని చెప్పినట్లు ఆ కార్యాలయపు నివేదికలో కలదు. పత్రికలో లేదన్నవాడు గదిలో ఉన్నదనెను. భ్రమ కాదు, ప్రమాదము కాదు, కరణాపాటవము కాదు. మిగిలినది నాలుగవ దోషమే.

క్లైవ్ వంశపత్రములు

ఈ గ్రంథాలయమున తెలుగువారికి సాక్షాత్సంబంధము గల పత్రములును కలవు. రాబర్ట్ క్లైవ్ వేల్స్‌వాడు కాడు. అతని కుమారుడు ఎడ్వర్డ్ క్లైవ్ 1784లో వేల్స్‌లోని పోవిస్ ప్రభువంశపు కన్యయైన హెన్రియెటాను వివాహమాడి, 1804లో తానే పోవిస్ ప్రభువయ్యెను. అందువలన క్లైవ్ వంశపు ఉత్తరములు, లెక్కలు ఆ వంశమువారి అధీనమునకు చేరి, కొంతభాగము జాతీయ గ్రంథాలయమునకు వచ్చినవి.

ఉత్తర సర్కారులకు మొగలాయి చక్రవర్తి షా ఆలమ్ నుండి 1765లో ఫర్మానా సంపాదించినవాడు రాబర్ట్ క్లైవ్. ఎడ్వర్డ్ క్లైవ్ 1798 నుండి 1803 వరకు మద్రాసు గవర్నరు. నిజాము 1800లో కడప, అనంతపురము, బళ్లారి ప్రాంతములను కుంపిణీకి దత్తము చేసినదియు, కర్నల్ మెకంజీ మైసూరు దేశ సర్వేక్షణమునకు పూనుకొన్నదియు ఇతని పాలనకాలముననే. తెలుగు స్థానికచరిత్రకు నిధియైన మెకంజీ సంచయము చెన్నపురి ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున ఉన్నది. అది పుట్టిన కాలపు పాలకుని వంశపత్రములు అబెరిస్ట్‌విత్‌లో ఉన్నవి. ఒకదానిని రెండవదానితో సంవదింపజేయుట మన పరిశోధకులకు ఉచితమైన కార్యము.

ఉపసంహారము

పై విచారమువలన తేలినవి ఇవి. గ్రంథము ఏమి చెప్పుచున్నదో గ్రంథమే తెలుపును. అది నమ్మదగినదా యను ప్రశ్నకు సమాధానము దానిని వ్రాసినవాని, సేకరించినవాని, చదివినవాని పత్రములలో ఉండును. ఆ పత్రములు ఒకప్పుడు కర్తకు అనుకూలముగను, ఒకప్పుడు ప్రతికూలముగను సాక్ష్యము చెప్పును. ఏది ఎట్లు చెప్పునో ముందుగా తెలియదు గనుకనే ఏ పత్రమును ముందుగా నశింపజేయరాదు.

మన దేశపు వ్రాతప్రతి భాండాగారములకు దీనివలన గ్రహింపదగినవి నాలుగు. మొదటిది, గ్రంథదాతల ఉత్తరములను, పూర్వపు జాబితాలను ఆయా ప్రతులతో ముడిపెట్టి ఉంచవలెను. రెండవది, గద్యలు మాత్రమే గాక అంచుమీది వ్రాతలను, లెక్కలను, పాఠకుల గుర్తులను కూడ సూచికలో చేర్చవలెను. మూడవది, పరిష్కర్తల చిత్తుప్రతులను అచ్చు పూర్తికాగానే తీసివేయరాదు. నాలుగవది, కూటప్రతియని తేలినదానిని సైతము ఆ విషయము వ్రాసి భద్రపరచవలెను. మెకంజీ కొరకు ఊరూరు తిరిగిన కావలి సోదరులు అతనికి పంపిన నివేదికలు నిలిచియుండుటచేతనే కైఫియతులు ఎట్లు పుట్టినవో నేడు తెలియుచున్నది. కడపలో బ్రౌను దొర ఏర్పరచిన పండితులు ప్రతులను పోల్చి వ్రాసికొన్న పాఠభేదములకును విలువ అట్టిదే.

తెలుగు పండితుల ఇండ్లలో ఇట్టి కాగితములు ఇంకను ఉన్నవి. తాళపత్ర గ్రంథములను అడిగి తెచ్చుకొనువారు, ఆ పెట్టె అడుగున ఉన్న ఉత్తరముల కట్టను కూడ అడిగి తెచ్చుకొనవలెను.